ఇంకొక్క దెబ్బ

గిటారిస్టు కాలరు డ్రమ్మరు గుప్పిట్లో ఉంది.

"తొమ్మిది పాటలు. ఒక్కదాంట్లోనూ నేను లేను. ఎవడ్రా తీసేసింది?"

"నన్నడుగుతావేంట్రా బాబూ! ఈ ఆల్బమ్ ఎలక్ట్రానిక్‌గా చేద్దామని అందరం అనుకున్నదేగా?"

"సింథసైజర్ పెడదామనుకున్నాం. నా కుర్చీలో మెషిన్‌ని కూర్చోబెడదామనుకోలేదు."

పన్నెండింటికి ఆల్బమ్ కవరు అచ్చుకు వెళ్ళాలి. కంపెనీ మనిషి పేర్ల కాగితం పట్టుకుని స్టూడియో తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"వదిలెయ్యండి, చొక్కా చిరుగుతుంది," అంది సోఫాలోంచి డ్రమ్మరు భార్య. బ్యాండ్‌లో పాడేది ఆమే. నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది.

సౌండ్ ఇంజనీరు మొదటి పాట పెట్టాడు.

మెషిన్ దరువు. ఎక్కడా తడబాటు లేదు.

కాలరు మీద పట్టు సడలింది.

"ఆగు. ఆ స్నేర్ డ్రమ్ము దెబ్బ మళ్ళీ వినిపించు."

ఠప్. దాని వెనకే సన్నటి గలగల.

అంచు పగిలిన డ్రమ్ము మాత్రమే అలా మోగుతుంది. అది డ్రమ్మరు ఇంట్లో ఉంది.

"ఇది నా దెబ్బే!"

"మీదే సార్. ఒక్కో దెబ్బా విడిగా రికార్డు చేసిన ఫైళ్ళు ఇచ్చారు. మెషిన్‌లో పేర్చానంతే. నామీద పడకండి."

"ఎవరిచ్చారు?"

"నా నోటితో చెప్పించకండి సార్."

ఇంజనీరు, కత్తిరించని అసలు ఫైలు తెరిచాడు.

ఠప్.

తర్వాత ఒక గొంతు, ఎంతో ప్రేమగా. "ఏవండీ, ఇంకొక్కటి. మెల్లగా. మణికట్టు జాగ్రత్త."

ఠప్.

మణికట్టుకి ఇంజెక్షన్ వేయించుకొచ్చిన రోజది. పాటంతా వద్దు, ఒక్కొక్కటే కొట్టండి, మైకు సరిచూడాలట అందామె. నలభై దెబ్బలు కొట్టాడు. ఆఖర్న చేతికి కట్టు కూడా తనే కట్టింది.

సోఫాలో మూత తిరగడం ఆగిపోయింది.

"ఏడాదిగా మీ తాళం జారుతోంది," అందామె. "ఎవరో ఒకరు చెయ్యాలిగా."

"చెప్పొచ్చుగా."

గిటారిస్టు కాలరు సర్దుకుంటూ ఉండిపోయాడు.

కంపెనీ మనిషి గొంతు సవరించుకున్నాడు. "సార్, టైమవుతోంది. డ్రమ్స్ అన్నచోట ఖాళీగా ఉంది. ఎవరి పేరు వెయ్యమంటారు?"

డ్రమ్మరు వెనక జేబులోంచి స్టిక్కులు తీసి బల్లమీద పెట్టాడు.

"మా ఆవిడ పేరు వెయ్యండి."