రాణి బుగ్గ మీది మరక

మరక చూడగానే హర్ష చేతులు ఊరుకోలేదు.

విక్టోరియా రాణి వెండి రూపాయి అది. వెనకవైపు చక్కగా ఉంది. ముందువైపే, రాణి బుగ్గ దగ్గర మొదలై రవిక దాకా, ఎండిపోయిన ఎర్రటి మరక.

తెచ్చిన ముసలాయన తన పేరు ఈరన్న అని చెప్పాడు. రెండు బస్సులు మారి కళ్యాణదుర్గం వచ్చి, వాళ్ళనీ వీళ్ళనీ అడుక్కుంటూ హర్ష ఎలక్ట్రికల్ షాపు పట్టుకున్నాడు. రెండు కళ్ళకూ పొర కమ్మింది. కౌంటరు ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుని, రొంటిన దోపుకున్న గుడ్డమూట విప్పాడు.

"హర్ష సారువేనా నువ్వు?"

"నేనే. ఏమప్పా?"

"దీన్ని నీకిద్దామని వచ్చినా సారూ. ఇది యాడిదంటే..."

"యాడిదో చెప్పొద్దు," అన్నాడు హర్ష నవ్వుతూ. "నేనడగను, నువ్వు చెప్పొద్దు."

పాత నాణేలు పోగేసే హర్ష నియమం అది. నాణెం తెచ్చేవాళ్ళంతా కథ కూడా తెస్తారు. వేరుశనగ చేన్లో గుంటక తోలుతుంటే దొరికిందంటారు. జేజి కాసులపేరులోదంటారు. పాలెగాళ్ళ ఖజానా అనేవాళ్ళకైతే లెక్కే లేదు. విని విని హర్షకు విసుగెత్తింది. నాణెం అబద్ధం చెప్పదు, మనుషులే చెబుతారని తేల్చేసుకున్నాడు. కాస్త చదువుకున్నవాళ్ళకు ఇలాంటి నమ్మకాలు రెండు మూడు ఉంటాయి, ఏం చేస్తాం.

"సరే సారూ. తడి మాత్రం తగలనీయొద్దు," అన్నాడు ఈరన్న.

హర్షకు నవ్వొచ్చింది. "నాణేల సంగతి నాకు చెప్తాండావా? బయట స్టూలుండాది, కూర్చో. టీ చెప్తా. అంతలో చూస్తా."

మరకపడిన నాణేన్ని కడగాలా వద్దా అన్నది నాణేలు దాచుకునేవాళ్ళ మధ్య ఎప్పటికీ తెగని గొడవ. హర్ష మాత్రం తనవరకు తీర్పు చెప్పేసుకున్నాడు. వెండి తనంతట తాను నల్లబడితే అది దాని వయసు. దాన్ని ముట్టుకుంటే విలువ పోతుంది. బయటినుంచి అంటుకున్న మురికయితే తీసెయ్యొచ్చు. అదీ చింతపండుతోనో విభూతితోనో కాదు. రుద్దడం అసలే కూడదు.

భూతద్దం పెట్టి చూశాడు. కుంకుమ. దాని కింద కొద్దిగా జిడ్డు. పూజ మరకే అనుకున్నాడు. ఇక్కడ ఏ పాత రూపాయి చేతికొచ్చినా ఇదే వరస. లక్ష్మీదేవి ముందు పెట్టి ప్రతి శుక్రవారం బొట్టు పెడతారు.

వాళ్ళమ్మా అంతే. హర్ష దాచుకున్నవాటిలోంచి వెండివి ఏరి, వరలక్ష్మీ వ్రతానికి కుంకుమ అద్దేది. అతను అరిచేవాడు. "లక్ష్మిని డబ్బాలో పెట్టి బీగమేసేది నువ్వొక్కడివేరా," అని ఆమె నవ్వేది. అతను అలిగి, నాణేలన్నీ కడిగి మళ్ళీ డబ్బాలో పెట్టుకునేవాడు.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు ఆమె ముదిగుబ్బ దగ్గర పుట్టింట్లో ఉండి, అక్కడే పోయింది. హర్ష అప్పుడు బెంగళూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. మొహం చూడలేదు. పిడికెడు మట్టి వెయ్యలేదు. తర్వాత ఆ ఊరికి పోవడానికి కాళ్ళు రాలేదు. భయంతో ఆమె చీరలూ పరుపూ కాల్చేశారని ఫోన్లో చెప్పారు. ఆ తర్వాత హర్ష డబ్బా తీసి ఒక్కొక్క నాణెమే వెతికాడు. ఎక్కడా కాసింత ఎరుపు మిగల్లేదు. తన చేతులతో తనే అంత శుభ్రంగా కడిగాడు. ఆ రోజు ఏడ్చిన ఏడుపు అతనికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అది అమ్మ కుంకుమ. ఇది ఎవరింటి పూజదో.

పైగా ఈ రకం రూపాయిలో అసలు తేడా అంతా రాణి రవిక మీది పువ్వుల్లో ఉంటుంది. అవి కనబడితేనే అరుదైనదో కాదో తెలిసేది. మరక సరిగ్గా అక్కడే కూర్చుంది.

నాణేన్ని అంచులు పట్టుకుని, ఇన్వర్టర్లకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో వేశాడు. ఎరుపు సన్నటి దారంలా కదిలింది. జిడ్డు వదలని చోట అసిటోన్‌లో ముంచిన దూది అద్దాడు. అద్దాడంతే, రుద్దలేదు. పనిమంతుడే, ఆ మాట కాదనలేం. దూది ఎర్రబడింది. ఇంకో దూది తీశాడు. అదీ ఎర్రబడింది. చివరికి మెత్తటి గుడ్డమీద బోర్లించి తడి ఆర్చాడు. గిన్నెలో నీళ్ళు షాపు ముందు దుమ్ములో చల్లాడు. ఈ ఏడు సరైన వాన చూడని దుమ్ము చుక్క మిగల్చకుండా తాగేసింది.

రాణి బయటపడింది. పువ్వులూ బయటపడ్డాయి. మామూలు రకమే.

హర్ష ఉసూరుమంటూ దాన్ని ఈరన్న అరచేతిలో పెట్టాడు. "మామూలుదేనప్పా. వెండి రేటు ఇప్పిస్తా. ఎంతనుకొని వచ్చినావు?"

"దుడ్లొద్దు సారూ. అమ్మేదానికి రాలే నేను."

ఈరన్న అరచెయ్యి చాపి అలాగే ఉంచాడు. నాణెం మీద తన వేలు కూడా పడనీయలేదు.

"ఇప్పుడన్నా చెప్పనీ సారూ. నేను మా ఊర్లో గుంతలు తవ్వేవాణ్ణి. మట్టి కప్పేముందర పోయినోళ్ళ నుదుట్నుంచి తీసిన రూపాయి మాకే ఇస్తారు. అన్నీ ఖర్చు పెట్టుకున్నా. దీనికి మాత్రం మనసు రాలే. నాలుగేండ్లు గుడ్డలో కట్టి దాచినా."

కౌంటరు మీద దూది ఇంకా ఎర్రగానే ఉంది. ఈరన్న అరచేతిని అతని మొహం దగ్గరికి తెచ్చాడు.

"నా కండ్లకు ఆనదు గానీ నువ్వు చూడు సారూ, మీ అమ్మ నుదుటి కుంకుమ చెదరకుండా అట్లే ఉండాది గదా?"