వేరు ఖాతా

పలాసలో బ్యాంకు కౌంటరు ముందు మాధవీలత గుండె చిక్కబట్టుకుని నిలబడింది. చేతిలో ఉన్న పాస్‌బుక్కు మొగుడిది. అందులో ఎంత మిగిలిందో ఆమెకు తెలీదు. విశాఖ ఆస్పత్రిలో మాత్రం రేపటికల్లా లక్ష రూపాయలు కట్టాలి.

మూడేళ్ళ క్రితం దాకా ఇద్దరికీ ఒకటే ఖాతా. జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆమె కూలీ, అతని తోటలో కొబ్బరికాయల డబ్బు, రెండూ అందులోనే పడేవి. ఎవరిదెంతో ఏనాడూ లెక్క చూసుకోలేదు.

అప్పుడే లోకనాథ్ రక్తపరీక్షలో కిడ్నీ జబ్బు బయటపడింది. ఇంటింటా ఆ జబ్బే ఉన్న ఉద్దానంలో ఆ మాటకి కొత్తగా ఉలిక్కిపడేవాళ్ళు లేరు. వారం తిరక్కుండా అతను ఖాతా విడదీశాడు.

“నీ డబ్బులు నీయి, నా డబ్బులు నాయి. నా మందులు నానే కొనుక్కుంతాను. నా రోగానికి నీ దాంట్లో రూపాయి తీసావంతే నా మీద ఒట్టే.”

“ఏటి బావా, పెళ్ళయిన పందొమ్మిదేళ్ళకి నాతో వేరు కుంపటా?”

అతను తువ్వాలు భుజాన వేసుకుని తోటకెళ్ళిపోయాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంట మూడేళ్ళయినా చల్లారలేదు. మొగుడు పిసినారి అయిపోయాడని ఫ్యాక్టరీలో కనబడిన వాళ్ళందరికీ చెప్పుకుంది.

కాయలు కొనే రామూర్తి డబ్బు నేరుగా అతని ఖాతాలోనే వేసేవాడు. ఇల్లు ఆమె కూలీతో గడిచేది. నెలనెలా లోకనాథ్ బ్యాంకుకెళ్ళి డబ్బు తీసి మందులు తెచ్చుకున్నానంటూ ఓ చిన్న సీసా చూపించేవాడు.

“మాత్రల అట్టలేవి బావా?”

“సీసాలో ఏసుకుంతే సులువే.”

అన్నం తిన్నాక ఆమె చూస్తుండగానే రెండు మాత్రలు గుటుక్కున మింగేవాడు. అయినా కాళ్ళు ఉబ్బిపోయాయి. మనిషి మంచమెక్కాడు.

నిన్న విశాఖ డాక్టరు రిపోర్టులు చూసి మొహం చిట్లించాడు. “ఇంత తొందరగా ముదరకూడదమ్మా. మందులు సరిగ్గా వాడుతున్నాడా?”

“నా కళ్ళెదురుగానే మింగుతాడు బాబూ!”

లోకనాథ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. డబ్బు తీసే ఫారం మీద సంతకం పెట్టమంటే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“నానెలాగూ పోతాను. ఆ డబ్బు ముట్టుకోకే.”

ఆమె ఏడ్చింది, తిట్టింది, ఆఖరికి కాళ్ళు పట్టుకుని సంతకం పెట్టించుకుంది. తెల్లారేసరికి పలాస రైలెక్కింది.

కౌంటరులో గుమస్తా జగదీష్ పాస్‌బుక్కు మిషన్‌లో పెట్టాడు. “మూడేళ్ళలో ఒక్కసారీ ప్రింటు వేయించలేదేంటమ్మా? నామినీ మీరేనా? కంగారు పడకండి. రెండు లక్షల పదకొండు వేలుంది.”

మాధవీలతకు పోయిన ప్రాణం లేచొచ్చింది. అన్ని మందులు కొన్నాక కూడా అంత మిగిల్చాడా! పిసినారి అన్న నోటితోనే బావకి క్షమాపణ చెప్పుకుంది. నెలనెలా మందులకెంత తీశాడో చూద్దామని మొదటి పేజీ నుంచి వేలు జరుపుకుంటూ వచ్చింది.

మూడేళ్ళ పుస్తకంలో రూపాయి తీసినట్టు ఒక్క అంకె కూడా లేదు.