ఒక్క ఇండియాకే ఆలస్యం

"జపానోడికి ఇచ్చిన్రు, అమెరికోడికి ఇచ్చిన్రు, ఆఖరికి నేపాలోడు సుత ఆడుతున్నడట! మాకేం పుట్టింది? మేం కొనుక్కోమా?"

కస్టమర్ కేర్ అమ్మాయి ఈ కేకలు వినడం ఇది నాలుగోసారి. "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. కొన్ని ప్రాంతీయ కారణాల వల్ల భారతదేశంలో ఈ గేమ్ విడుదల మూడు వారాలు వాయిదా పడింది."

"ప్రాంతీయ కారణాలంటే ఏంది? జర సమజయ్యేటట్టు చెప్పు."

"ఆ వివరాలు మా దగ్గర లేవు సర్."

"మీ దగ్గర ఏమున్నయ్ గనుక!"

జగదీశ్ ఫోన్ పెట్టేసి, తాను ఆనుకున్న అట్టపెట్టెను మోచేత్తో ఒక్కటి పొడిచాడు. నల్ల ప్లాస్టిక్ చుట్టిన ఆ పెట్టెలు కప్పుదాకా పేర్చి ఉన్నాయి. సాతంరాయి దగ్గర హైవే పక్కన కొత్తగా కట్టిన గోదాం అది. శంషాబాద్‌లో విమానం దిగిన సరుకు ఇక్కడికి వచ్చి, ఇక్కడ్నుంచి దేశమంతా పోవాలి. మూఢం నడుస్తోందని ఓనరు పని ఇంకా మొదలుపెట్టలేదు. అందుకని ఫోర్క్‌లిఫ్ట్ నడిపే జగదీశ్ పదింటికి వచ్చి మూడింటికి ఇంటికి పోతున్నాడు. పెట్టెల్లో ఏముందో బండి నడిపేవాళ్లకు ఎవరూ చెప్పరు, వాళ్లూ అడగరు.

ఒక ఆట కోసం ఇరవై ఎనిమిదేళ్ల మనిషి ఇంతగా గొంతు చించుకోవాలా? చించుకోవాల్సిందే. అది ఓడల దొంగల ఆట. మొదటి రెండు భాగాలూ తమ్ముడు శ్రీకాంత్‌తో కలిసి, పక్కపక్కన కూర్చుని ముగించాడు. రెండో భాగం చివర అన్నదమ్ములైన ఇద్దరు దొంగలు చెరో ఓడలో విడిపోతారు. వాళ్లు మళ్లీ కలుస్తారా లేదా అన్నది మూడో భాగం. శ్రీకాంత్‌కు ఆర్మీలో ఉద్యోగం వచ్చింది. సోమవారం రైలెక్కాలి. ఆర్నెల్లు ట్రైనింగ్, ఫోన్ కూడా సరిగ్గా ఇవ్వరట. ఆలోపు ఇద్దరూ కలిసి ఆట ముగించాలని ఒట్టు పెట్టుకున్నారు.

మామిడిపల్లిలో ఇంటికి చేరేసరికి శ్రీకాంత్ ట్రంకుపెట్టె మీద తెల్లరంగుతో పేరు రాసుకుంటున్నాడు.

"వచ్చిందా అన్నా?"

"ఏడ వస్తది! ప్రాంతీయ కారణాలంట."

"డౌన్‌లోడ్ సుత లేదా?"

"డిస్కులు దుకాణాలకు చేరినంకనే గదీ తెరుస్తరంట."

"యూట్యూబ్‌ల మొత్తం ఆట పెట్టిన్రు. పోనీ చూద్దామా?"

"చూస్తే కాళ్లు ఇరగ్గొడ్త. మనమిద్దరం ఆడాలె గానీ, మంది ఆడంగ చూసుడేంది?"

శ్రీకాంత్ నవ్వాడు. "రోజూ మూడింటికే వస్తున్నవ్. గింత ఖాళీ ఎట్ల దొరికింది అన్నా నీకు?"

"నీ కోసమే దొరకబట్టిన. ఖాళీ ఉంది, టీవీ ఉంది, నువ్వున్నవ్. గా దిక్కుమాలిన ఆటే లేదు!"

ఆదివారం దాకా జగదీశ్ ఎవరో ఒకర్ని తిట్టని పూట లేదు. కంపెనీ పేజీ కింద రోజుకు పది కామెంట్లు పెట్టాడు. అత్తాపూర్‌లో గేములు అమ్మే దుకాణానికి పోయి, బల్ల గుద్ది మరీ అరిచాడు.

"నా మీద అరిస్తే ఏమొస్తది అన్నా?" అన్నాడు దుకాణదారు. "సరుకు మన దేశంలకు ఎప్పుడో దిగిందంట. మన దగ్గరోడే ఎవడో అడ్డం పడ్డడని చెప్తున్నరు."

"వాడు నాకు దొరకాలె. బట్టలుతికినట్టు ఉతుకుత."

వాడు దొరకలేదు. సోమవారం వచ్చింది. సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కదులుతుంటే శ్రీకాంత్ కిటికీలోంచి చెయ్యి పట్టుకున్నాడు.

"నా కోసం ఆగకన్నా, నువ్వు ఆడెయ్. గా దొంగలు కలిసిన్రో లేదో ఉత్తరంల రాయి, సాలు."

జగదీశ్‌కు ఏడుపొచ్చింది. ఏడుపు కన్నా కోపం ఎక్కువొచ్చింది. తమ్ముడు అడిగింది ఒక్క ఆట. అది కూడా తీర్చలేకపోయాడు. ఇంటికొచ్చి టీవీ రిమోట్‌ను గోడకేసి కొట్టాడు.

గురువారానికి మూఢం పోయింది. గోదాం గుమ్మానికి మామిడాకులు కట్టారు. ఫోర్క్‌లిఫ్ట్‌కు బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మేనేజర్ స్వర్ణలత కొబ్బరికాయ కొట్టించి, మొదటి పెట్టె దించమంది. ఆమె బెజవాడ మనిషి, ఎవరినైనా అండీ అనే పిలుస్తుంది. జగదీశ్ నిమ్మకాయలు తొక్కిస్తూ బండి నడిపి పెట్టె దించాడు. సరుకు బాగుందో లేదో చూడ్డానికి ఆమె ప్లాస్టిక్ కోసి, మూత తెరిచింది.

లోపల వరసగా డిస్కులు. ప్రతి డబ్బా మీదా రెండు ఓడలు, ఒక్కో ఓడ మీద ఒక్కో దొంగ.

జగదీశ్ బండి మీంచి దూకాడు. "ఇవి... ఇవి ఎప్పుడొచ్చినయ్ మేడం?"

"నెల కిందటే వచ్చాయండీ. దేశం మొత్తానికి సరుకు ఇదే."

"నెలా? వీటికే ఆనుకొని ఫోన్లు కొట్టిన గద మేడం! నా తమ్ముడు పోయినంక తెరుస్తున్నరా? ఎవడాపిండు?"

"అరవకండి. ఓనర్ గారు అప్పుడే పంపేద్దామన్నారు. ఆయన ఢిల్లీ మనిషి, ఇక్కడి సంగతులు తెలియవు. మన గోదాం మనిషే ఒకరు వద్దని భయపెట్టారు. మొదటి సరుకు కదా అని ఆయన కంపెనీ వాళ్లను బతిమాలి మూడు వారాలు గడువు తీసుకున్నారు."

"ఎవడు మేడం వాడు? పేరు చెప్పున్రి! ఇయ్యాల వాడో నేనో తేలిపోవాలె!"

స్వర్ణలత కొబ్బరిచిప్ప పక్కన పెట్టి, అతని వంక వింతగా చూసింది.

"మూఢమని చెప్పింది మీరే కదండీ?"