నిక్కమ్మ ఇంటి పుచ్చకాయ

చుక్క నీరు దొరకని ఇసుక నేలలో నిక్కమ్మ అనే ఎలుక ఉండేది. ఒక పక్క కొరికిన పుచ్చకాయను తన బొరియ నడిమధ్యలో పెట్టుకుంది. చుట్టుపక్కల ఎవరింట్లోనూ అలాంటిది లేదని ఆమెకు మహా గర్వం.

ఆ తేమ వాసనకు ముందు చీమలు వచ్చాయి. చీమల వెంట పురుగులు వచ్చాయి. పురుగుల కోసం తేలు వచ్చింది. అది నిక్కమ్మ పిల్లలు పడుకునే మూలకే చేరడంతో ఆమె హడలిపోయింది. కన్నాలన్నీ పూడ్చింది. గుమ్మానికి ముళ్లకంప అడ్డం పెట్టింది. పక్కింటి కుందేలుకు శుభ్రం తెలియదని అందరికీ చాటింది. అయినా ఒక్క పురుగూ తగ్గకపోయేసరికి ఉడుము మామను పిలిచింది.

ఉడుము లోపలికి తొంగిచూసి, “ఆ పుచ్చకాయ పారెయ్యి తల్లీ, అన్నీ అవే పోతాయి,” అన్నాడు.

“బాగుంది మామా! తేలును వెళ్లగొట్టమంటే నా పరువును పారెయ్యమంటావేం?” అని నిక్కమ్మ మూతి తిప్పింది. “నా ఇంట్లో ఏ లోపమూ లేదు. ఈ చోటే మంచిది కాదు.”

“అయితే చోటు మార్చుకో,” అని ఉడుము తన దారిన పోయాడు.

ఆ మాట మాత్రం నిక్కమ్మకు నచ్చింది. మర్నాడు పొద్దున్నే పిల్లలను వెంటబెట్టుకుని, పుచ్చకాయను దొర్లించుకుంటూ, “పీడ విరగడైంది” అనుకుంటూ దూరపు దిబ్బకు బయలుదేరింది. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. వెనకాల చీమలు బారులు తీరి నడుస్తున్నాయి, వాటి వెనక పురుగులు, ఆ వెనక తోక ఎత్తుకుని తేలు.

“ఎక్కడికర్రా అందరూ?” అని దారిలో ఒక తొండ అడిగింది.

“ఇల్లు మారుతున్నాం,” అంది తేలు. “సామాను ఆవిడే మోస్తోంది, పాపం!”