బానెట్ అవతల మనిషి

పాత డీజిల్ కారు. బ్రేకు తొక్కితే రాయిలా ఉంది, ఎత్తెక్కమంటే టర్బో పలకడం లేదు. రెండింటికీ గాలి లాగేది ఒకే పంపు కాబట్టి చిల్లు ఏదో ఒక గొట్టంలోనే ఉందని మెకానిక్కు నమ్మకం. దాన్ని పట్టుకోందే షెడ్డు మూసేది లేదని భీష్మించుకున్నాడు.

సీట్లో కూర్చుని పెడళ్లు తొక్కే పని బావమరిదిది. టీకి వెళ్లినవాడు తిరిగొచ్చినట్టు కారు తలుపు పడిన చప్పుడైంది. ఎత్తిన బానెట్ అడ్డం ఉండటంతో మనిషి కనబడలేదు. ఇంజిన్ నడుస్తోంది.

"తొక్కరా."

కారు వెనక గోడ మీద బ్రేకు లైట్ల ఎర్రటి వెలుగు పడింది. ఒక గొట్టం బుస్సుమంది.

"వదులు."

వెలుగు ఆరింది. అంతలో జేబులో ఫోను మోగింది.

"బావా, ఇక్కడ టీకొట్టు మూసేశారు. బస్టాండు దాకా వచ్చాను. నీకూ తేనా?"

మెకానిక్ బానెట్ పక్కనుంచి సీటు వైపు తొంగి చూడబోయాడు. కానీ పగిలిన గొట్టం చేతికి చిక్కింది, చిక్కిన దొంగను వదిలే రకం కాదతను. ఇంజిన్ ఆపకుండానే దాన్ని పీకి కొత్తది బిగించాడు. గొంతు సవరించుకున్నాడు.

"తొక్కండి."

గోడ ఎర్రబడింది. బుస లేదు. బ్రేకు కుదిరింది. ఇక టర్బో చూడాలి, యాక్సిలరేటర్ తొక్కమని చెప్పాలి.

అతను నోరు తెరవకముందే ఇంజిన్ వేగం పెరిగింది. టర్బో సన్నగా ఈల అందుకుంది.