ఫోన్ చెప్పిన విశ్రాంతి

పట్టపగలు ఊరికే పడుకుంటే దేవుడు మెచ్చుతాడా అన్న సందేహం నాకు ఏళ్లుగా ఉంది. రక్తపోటు తగ్గాలంటే తప్పదని అపియా పట్నం ఆసుపత్రి నర్సమ్మ, తల నుంచి కాళ్ల దాకా ఒళ్లంతా వదులు చేయించే ఒక గొంతును నా ఫోన్‌లో పెట్టి ఇచ్చింది.

"నుదురు వదులు చేయండి," అంది ఫోన్.

పెరట్లో కొబ్బరి కోరుతున్న చప్పుడు.

"లగీ! నేను పోతేగానీ ఆపవా?" అని నా భార్య మీద అరిచాను.

"ఆపేశానయ్యా, పడుకో."

ఫోన్ భుజాల దాకా వచ్చేసరికి కోడిపుంజు కూసింది.

"దాని నోరూ మూయించు!"

అంతా సద్దుమణిగింది. కాసేపటికి కళ్లు తెరిచాను. గుమ్మంలో లగీ పుంజును చంకలో ఇరికించుకుని, దాని తల మీద తన నడుముకు చుట్టుకున్న లవలవా గుడ్డ చెంగు కప్పి, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"నీ భుజాల దగ్గర్నుంచి. ఇప్పుడు ఫోన్ మోకాళ్లకొచ్చింది, లేవకు."

సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాను. లేచి పుంజును అందుకున్నాను.

"నువ్వు పడుకో," అని ఫోన్‌ను మళ్లీ మొదటి నుంచి పెట్టాను.

పెళ్లయిననాటి నుంచి నేను బాకీపడ్డ పగటి నిద్ర, ఫోన్ రెండో మాట అనేలోపే ఆమె కళ్ల మీద వాలింది.