మరో ఏడాది పొడిగింపు

వార్తను రెండోసారి చదివి, ఉమేర్ తండ్రికి ఫోన్ చేశాడు.

వాట్సాప్‌లో సూడాన్ నంబరు చూడగానే, ఆదోనిలో యూసుఫ్ సాబ్ సలాము కూడా మరిచిపోయి అడిగాడు.

"ఎత్తేసినారా?"

"ల్యాదు అబ్బా. ఇంకో ఏడాది పొడిగించినారు."

"మన వీధి కాలువ కాంట్రాక్టు గూడా ఇన్నిసార్లు పొడిగించలేదు గదరా! ఆ అమెరికా వాళ్ళకు మిమ్మల్నిద్దర్నీ ఆడ పెట్టుకొని ఏమొస్తాదంట? ఆలూరు పిల్లోడు ఒకడు ఓడెక్కి ఎప్పుడో వచ్చేసినాడు."

"వాళ్ళు రేవు పక్కన ఉండిరి అబ్బా."

సూడాన్ విషయంలో తాను ప్రకటించిన జాతీయ అత్యవసర పరిస్థితిని అమెరికా ఏటా పొడిగిస్తోంది. ఆంక్షలను నిలుపుకోవడానికి అది చేసే ప్రకటన అది. ఆదోని మనిషి ఆదోనికి రావడాన్ని ఆపే శక్తి దానికి లేదు. ఈ సంగతి ఉమేర్‌కు తెలుసు. అయినా మొదటి ఏడాది అతను దాన్నే కారణంగా చెప్పాడు. చెప్పాడు కనుక తండ్రి నమ్మాడు. తండ్రి నమ్మాడు కనుక వీధి నమ్మింది. వీధి నమ్మింది కనుక అజ్మల్ ఇంకా బతికి ఉన్నాడు.

ఇద్దరూ ఒకే వీధిలో పెరిగినవాళ్ళు. టైల్స్ ఫ్యాక్టరీలో పని దొరికిందని కలిసే వెళ్ళారు. యుద్ధం వచ్చి ఫ్యాక్టరీ మూతబడ్డాక, కాల్పులు ఆగిన వేళ చూసుకుని వంతులవారీగా నీళ్ళు తెచ్చుకునేవారు. ఆ ఉదయం వంతు ఉమేర్‌ది. అతను నిద్ర నటించాడు. అజ్మల్ రెండుసార్లు పిలిచాడు. తర్వాత చెప్పులు తొడుక్కున్న చప్పుడు, డబ్బా అందుకున్న చప్పుడు, నిద్రపోయేవాడికి ఇబ్బంది కలగకుండా తలుపు మెల్లగా దగ్గరికి వేసిన చప్పుడు, అన్నీ ఉమేర్ కళ్ళు మూసుకునే విన్నాడు.

మధ్యాహ్నం పక్క గదివాళ్ళు వచ్చి చెప్పారు. అజ్మల్‌ను ఆ ఊళ్ళోనే మట్టి చేశారు.

ఫోన్ చేతులు మారింది. ఇప్పుడు మాట్లాడుతున్నది అజ్మల్ తల్లి బషీరాబీ.

"బేటా, ఎట్లుండావు? వాడు తింటాండాడా? వంకాయ వండినారంటే కంచం నూకేస్తాడు వాడు."

"తింటాండాడు చాచీ."

"ఒక్కసారి వానికి ఫోనియ్యి."

"వాడు వేరే క్యాంపులో ఉండాడు చాచీ. ఆడ సిగ్నల్ ల్యాదు."

"నేనడిగినప్పుడల్లా ఆ సిగ్నలే సచ్చింటాది." ఆమె నవ్వింది. వెంటనే గొంతు తగ్గించింది. "నా కోడలు మాట్లాడాలంటాంది బేటా. సబా వాళ్ళమ్మా నాయనా వచ్చినారు ఈ పొద్దు. దానికి కొంచెం ధైర్యం చెప్పు."

సబా ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఉమేర్‌తో మాట్లాడలేదు. అజ్మల్ ప్రయాణమయ్యే నాటికి వాళ్ళ పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు.

"ఉమేర్ భాయ్" అందామె. "హాలహర్విలో ఒక సంబంధం ఉందంట. చీరల అంగడి. మంచోడే అంటాండారు. ఈ పొద్దు జవాబు చెప్పకపోతే వేరే చోట చూసుకుంటారంట."

ఉమేర్ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకున్నాడు.

"మసీదు పెద్దలు ఒకటే మాట చెప్పినారు. ఆయన జాడ తెలిసిన మనిషివి నువ్వొక్కడివే. పోయినాడని నువ్వంటే నేను నాలుగు నెలల పది దినాలు ఇద్దత్ కూర్చుంటా. ఆ గడువు తీరినాక నా బతుకు నాది. ఉండాడని నువ్వంటే కడదాకా కాచుకోనుంటా. నాకు రెండిట్లో ఏదైనా సరే భాయ్. నిజం చెప్పు. ఉండాడా?"

నిజం అతని నాలుక చివరి దాకా వచ్చింది.

చనిపోయాడంటే ఎప్పుడని అడుగుతారు. ఎప్పుడో చెబితే ఎలాగని అడుగుతారు. ఎలాగో చెబితే, అప్పుడు నువ్వేం చేస్తున్నావని అడుగుతారు. ఆ చివరి ప్రశ్న సబా అడగదు. బషీరాబీ అడుగుతుంది. చిన్నప్పుడు ఇద్దరినీ ఒకే కంచం ముందు కూర్చోబెట్టి ముద్దలు పెట్టిన మనిషి అడుగుతుంది.

"భాయ్? లైన్లో ఉండావా?"

"ఉండా."

"ఆయన?"

ఉమేర్ గోడకు నుదురు ఆనించాడు.

"ఉండాడమ్మా. ఈ ఎమర్జెన్సీ ఎత్తేసినారంటే ఇద్దరం కలిసే వస్తాం."

తర్వాత ఆమె ఫోనును పక్కకు జరిపి ఎవరితోనో అంటున్న మాటలు దూరంగా వినిపించాయి.

"ఉండాడంట అబ్బా. వాళ్ళకు వద్దని చెప్పేయండి. ఇంక లేయండి, ఆలూరు బస్సుకు టైమైతాంది."

ఎవరో స్త్రీ ఏడ్చింది. సబా తల్లి కావచ్చు. బషీరాబీ మాత్రం సంతోషం పట్టలేక ఫోను లాక్కుంది.

"నూరేళ్ళు బతుకు బేటా! నువ్వు వాని పక్కన ఉండావనే నేను ఇంత ముద్ద తింటాండా. అంత దూరంలో వానికి నువ్వు తప్ప ఎవరుండారు? వాన్ని ఇడిసిపెట్టి మాత్రం రావొద్దు. ఇద్దరూ కలిసే రాండి."

"అట్లే చాచీ."

ఉమేర్ ఫోన్ ఆపి, ముఖానికి తువ్వాలు చుట్టుకుని, మెట్లు దిగి, ఎమ్మిగనూరు బస్టాండులో "ఆదోని, ఆదోని, ముప్పావుగంటలో ఆదోని!" అని కేకలు వేస్తున్న కండక్టరు పక్కనుంచి తల వంచుకుని పనికి వెళ్ళిపోయాడు.